పులికాటా, కొల్లేరా? ఒక్క రోజుంటే ఎటు?

చలికాలంలో ఒక్క రోజు సెలవు దొరికింది, పక్షుల్ని చూడాలి. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే ఆలోచించక్కర్లేదు, కొల్లేరు వైపు కైకలూరు దగ్గరున్న ఆటపాకకి వెళ్లండి. ఒక్కళ్లో ఇద్దరో అయితే మాత్రం నా ఓటు పులికాట్ పక్కనున్న సూళ్లూరుపేటకే.

ఆటపాకలో పక్షి కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. అటవీ శాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు పాతింది, గూడబాతులు (పెలికాన్లు) వాటి మీదే గూళ్లు పెట్టుకుంటాయి. పిల్ల తన తలంతా తల్లి గొంతు సంచిలోకి దూర్చి చేపని లాక్కోవడం బోట్లోంచి చూస్తే, మింగేస్తోందేమో అని పిల్లలు కంగారు పడతారు.

అయితే కొల్లేరును సరస్సుగా చూద్దామని వెళ్తే నిరాశే. 2002లో రామ్‌సర్ గుర్తింపు (ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో సరస్సును ఆక్రమించిన చేపల చెరువుల గట్లు కొట్టేశారు. అయినా దారి పొడవునా ఎక్కువగా కనిపించేవి చేపల చెరువులే.

పులికాట్ అలా కాదు. చిలికా తర్వాత దేశంలో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు దాన్ని చీల్చుకుంటూ పోతుంది. రెండు పక్కలా నీళ్లు, పైన ఆకాశం, అంతే. ఫ్లెమింగోలు మాత్రం దూరంగానే ఉంటాయి. మొదటిసారి తాపీగా టిఫిన్ చేసి పదకొండింటికి వెళ్లాను. ఎండకి గాలి అలలాడుతుంటే లేత గులాబీ గీత ఒకటి కనిపించింది, అదే పక్షుల గుంపట! రెండోసారి ఏడింటికల్లా బైనాక్యులర్స్‌తో దిగాను. ముక్కు తలకిందులుగా నీళ్లలో పెట్టి, బురదని జల్లెడ పట్టినట్టు అటూ ఇటూ ఆడిస్తూ మేస్తున్నాయి. అలా మేసే నాచు, చిన్న రొయ్యల వల్లే వాటికి ఆ గులాబీ రంగు.

దగ్గరగా చూడలేదన్న వెలితి ఉంటే దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రం ఉంది. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప అనే రకం చెట్ల మీద గూడబాతులు పిల్లల్ని చేస్తాయి. రెట్టలు కలిసిన నీళ్లు పొలానికి ఎరువని ఊరివాళ్లు వాటి జోలికి పోరు. అంటే సూళ్లూరుపేటలో దిగితే ఒకే రోజులో రెండు రకాల చోట్లు చూసేయొచ్చు. నేను అటు మొగ్గడానికి సగం కారణం అదే.

ఒక్క చిక్కుంది. ఈశాన్య రుతుపవనాలు సరిగా కురవని ఏడాది పులికాట్ ఉత్తర భాగం త్వరగా ఎండిపోతుంది. టికెట్ బుక్ చేసే ముందే అక్కడ తెలిసినవాళ్లకి ఫోన్ చేసి నీళ్లున్నాయో లేదో కనుక్కోండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం. శ్రీహరికోట గేటు లోపలికి పాస్ లేనిదే పంపరు, రోడ్డు మీద నీడ ఉండదు. టోపీ, మంచినీళ్లు మర్చిపోవద్దు.