ఏడేళ్లుగా నా సంచిలో ఉన్న కటింగ్ ప్లేయర్, టెస్టర్

సంచిలో చెయ్యి పెడితే ముందు తగిలేది తపారియా ఎనిమిదంగుళాల కటింగ్ ప్లేయర్. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో నాలాంటి కరెంటు పనివాళ్లకి ఊపిరాడనంత పని వచ్చింది, అప్పుడు కొన్నాను. దాని నోట్లో ఒక చిన్న కంత ఉంది. అది కంపెనీ పెట్టింది కాదు, నేను పెట్టిందే. ఆపేశారనుకున్న లైనులో ఫేజూ (కరెంటొచ్చే వైరు) న్యూట్రలూ (తిరిగెళ్లే వైరు) కలిపి ఒక్క పట్టున కత్తిరించాను. ఢామ్మంది. చెయ్యి బతికింది గానీ, అంచు అంతమేరా కరిగిపోయింది. ఇప్పుడు ఆ కంతలో సన్న వైరు పెట్టి లాగితే ఇన్సులేషన్ భలేగా ఊడొస్తుంది. తర్వాత కొన్న స్ట్రిప్పర్ సంచి అడుగునే పడి ఉంది.

కవిటి వైపు ఉప్పుగాలికి రెండు వారాలు ముట్టుకోకపోతే కీలు బిగుసుకుపోతుంది. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు చాలు. ఊరంతా కొబ్బరే కదా అని ఒకసారి కొబ్బరినూనె పోశాను, కొన్నాళ్లకి జిగురైపోయింది.

ఇక టెస్టర్. వంద రూపాయల లోపు వస్తువే, రోజుకి యాభైసార్లు తీస్తాను. కానీ పూర్తిగా నమ్మను. ఎండలో దాని వెలుగు కనబడదు. వానకి తడిస్తే జేబులోంచి తీయకపోవడమే మంచిది, లోపలికి నీళ్లు దిగితే షాక్ మనకే. అన్నిటికన్నా పెద్ద చిక్కు సోంపేట దగ్గర ఒక ఇంట్లో ఎదురైంది. లైట్లు లేవు, ఫ్యాన్లు లేవు, ప్లగ్గు రెండు కన్నాల్లోనూ టెస్టర్ వెలుగుతోంది.

"రెండు ఫేజులొచ్చీసినాయేటి బాబూ?" అంది ఆ ఇంటి పెద్దమ్మ.

రాలేదు. మెయిన్ స్విచ్‌లో న్యూట్రల్ స్క్రూ వదులై, వైరు కాలి నల్లబడి ఊడింది. స్విచ్ వేసి ఉన్న ఫ్యాను గుండా ఫేజే ఇటు తిరిగొచ్చి రెండో కన్నంలోనూ కనబడుతోంది. దాన్ని పట్టిచ్చింది నా టెస్ట్ ల్యాంపు. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య పెడితే వెలగలేదు, ఫేజుకీ ఎర్తుకీ పెడితే భగ్గుమంది.

వోల్టులు అంకెల్లో చూపే మల్టీమీటరూ ఉంది, మంచిదే. అయితే ఎక్కడా కలపని వైరులో కూడా పక్క వైరు వల్ల డెబ్భై ఎనభై వోల్టులు చూపించి టెన్షన్ పెడుతుంది. బ్యాటరీ నీరసిస్తే దాని లెక్కలే వేరు. ల్యాంపుకి ఈ వేషాలు లేవు: హోల్డరు, రెండు మూరల వైరు, లోపల తీగ వెలిగే పాతకాలం గుండు బల్బు. రెండు ఫేజుల మధ్య చూడాలంటే మాత్రం రెండు బల్బులు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి పెట్టాలి, ఒక్కటైతే పేలిపోతుంది. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు, పక్క వైరు వల్ల కనబడే ఆ దొంగ వోల్టేజీకి కూడా మినుకుమినుకుమంటుంది.

గుండు బల్బులు ఇప్పుడు ఏ షాపులో అడిగినా వింతగా చూస్తున్నారు. నరసన్నపేటలో మూడు దొరికితే కొని, పాత లుంగీ గుడ్డలో చుట్టి దాచాను.