బందరు ఫుడ్ టూర్‌కి అడ్వాన్సు కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి

విజయవాడ నుంచి బందరుకి (మచిలీపట్నం) ఒక్కరోజు ఫుడ్ టూర్ అని ఇప్పుడు ప్యాకేజీలు అమ్ముతున్నారు. పోయిన ఆదివారం మేం నలుగురం అలా వెళ్లి మోసపోయి వచ్చాం. మనిషికి 1,450 చొప్పున 5,800 రూపాయలు కట్టాం. డబ్బు సంగతి అటుంచితే, మా అత్తయ్యను అంత ఆశపెట్టి తీసుకెళ్లానే అన్నదే నాకు ఎక్కువ బాధ. ఆవిడ పుట్టి పెరిగింది బందరులోనే. మోకాళ్ల నొప్పుల వల్ల నాలుగేళ్లుగా ఆ ఊరి ముఖం చూడలేదు.

తొక్కుడు లడ్డు దంచే ఇంటికి తీసుకెళ్లి దగ్గరుండి చూపిస్తామన్నారు. హల్వా, సముద్రపు చేపల పులుసుతో భోజనం, సాయంత్రం సుగంధి సోడా అన్నారు. చరిత్ర తెలిసిన గైడుతో బందరు కోట, డచ్చివాళ్ల సమాధులు చూపిస్తామన్నారు. ఏసీ వ్యాను పొద్దున 7 గంటలకి బెంజి సర్కిల్ దగ్గర ఉంటుందన్నారు. అది వచ్చేసరికి 8:20. ఏసీ పనిచేయలేదు.

బందరు ఇంకా రాకముందే హైవే పక్కన ఒక కొట్టు దగ్గర దింపి, లడ్డు ఇదేనన్నారు. అత్తయ్య చిన్న ముక్క నోట్లో వేసుకుని, "ఇది తొక్కుడు లడ్డు కాదమ్మాయ్, పిండి వేయించి పంచదార కలిపి చుట్టేశారు" అన్నారు. అసలు దానికి శనగపిండిని పూసలా నూనెలో వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకం పోసి, నెయ్యి వేస్తూ మళ్లీ దంచాలి. అంత తొక్కుతారు కాబట్టే ఆ పేరు. నోట్లో పెడితే పలుకు తగలకూడదు, చేతికి నెయ్యి అంటాలి. 2017లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు, వచ్చిన మిఠాయి అది. మరి దంచడం ఎక్కడ చూపిస్తారని గైడుని అడిగితే, "ఆదివారం పనివాళ్లు రారు మేడమ్" అన్నాడు. వాళ్ల టూర్ నడిచేది ఆదివారాలే! ముందు రోజు ఫోన్‌లో కూడా చూపిస్తామనే చెప్పారు.

తర్వాత పెడనలో ఒక బట్టల కొట్టు దగ్గర గంటన్నర ఆపారు. చెక్క అచ్చులతో వేసే కలంకారీకి పెడన పెట్టింది పేరు, చూడదగ్గదే. కానీ అది మాకిచ్చిన ప్లాన్‌లో లేదు. బండి తెచ్చినవాళ్లకి వాటా ఉంటుందని కొట్లో కుర్రాడే మా ఆయనతో అన్నాడు. ఆ ఆలస్యానికి సమాధులు ఎగిరిపోయాయి. కోట దగ్గర పది నిమిషాలు ఆగాం. దాన్ని శ్రీకృష్ణదేవరాయలు కట్టించాడని గైడు ఫోన్ చూసి చదివాడు. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు సరుకు కోసం దిగిన రేవు అది, ఇంగ్లీషువాళ్లు 1611లోనే అక్కడ స్థావరం పెట్టుకున్నారు. కోట రాయలు కట్టించాడన్నది తప్పని మా ఎనిమిదో తరగతి పిల్లాడు చెబితే గైడు విననట్టే ఊరుకున్నాడు.

భోజనం మాట తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. చేప వాసన పట్టగానే అత్తయ్య కంచం పక్కకి జరిపేశారు. ఆకలి మీద మా వాడు తినేశాడు. ఇచ్చిన నీళ్ల సీసాల మూతలకి సీలు లేదు. ఆ రాత్రి వాడికి వాంతులు, రెండు రోజులు స్కూలు మానేశాడు. సుగంధి సోడా ఊసే లేదు.

సగం డబ్బైనా తిరిగివ్వమని మెసేజ్ పెడితే, చూసి నా నంబరు బ్లాక్ చేశారు. నేను చేసిన తప్పు ఏమిటంటే, బిల్లు అడక్కుండా ఎవరో వ్యక్తి పేరు మీదున్న నంబరుకి మొత్తం పంపేయడం. మీరు అలా చేయకండి. ఏ ఇంట్లో లడ్డు చూపిస్తారు, ఏ హోటల్లో భోజనం, ఎక్కడ ఎంతసేపు ఆపుతారు, ఇవన్నీ రాతపూర్వకంగా తెప్పించుకోండి. హోటల్ పేరు చెప్పాక అక్కడికే ఫోన్ చేసి ఆ రోజు బుకింగ్ ఉందో లేదో కనుక్కోండి. తినేచోట 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు కనబడాలి. సగానికి మించి అడ్వాన్సు ఇవ్వొద్దు.

నిజానికి వయసు మళ్లినవాళ్లు వెంట లేకపోతే టూరే అక్కర్లేదు. నెహ్రూ బస్టాండులో బందరు బస్సెక్కితే కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా వెళ్లిపోవచ్చు. ఊళ్లో దిగి ఆటో మాట్లాడుకుని, లడ్డు ఎక్కడ దంచుతారో నలుగురిని అడిగితే చెబుతారు.

మా డబ్బు కోసం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. చెల్లింపు స్క్రీన్‌షాట్లు, వాళ్ల మెసేజ్‌లు చెరపకుండా ఉంచుకున్నాను కాబట్టి ఆ పని తేలికైంది. అక్కడ తేలకపోతే కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్తాం, 5 లక్షల లోపు విలువకి ఫీజు కూడా లేదు. వచ్చే ఆదివారానికి వాళ్లు మళ్లీ బుకింగులు తీసుకుంటున్నారు. ఇలాంటిదానికి మీరు ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే, లడ్డు దంచే ఇల్లు ఎక్కడో ఈరోజే అడగండి.