సముద్రపు నాచు: ఎండబెట్టిందా, ఫ్రీజ్ డ్రై చేసిందా?

మా అనంతపురంలో సముద్రపు నాచంటే శెనక్కాయ చేన్లో స్ప్రే కొట్టే మందే గుర్తొస్తుంది, తింటారంటే నవ్వుతారు. ఇప్పుడు ఆన్‌లైన్లో పౌడర్ దొరుకుతుంది, నరాలకి మంచిదని కూడా రాస్తాండారు.

ఎండబెట్టింది చవక. తమిళనాడులో రామనాథపురం వైపు సముద్రంలో పెంచే కప్పాఫైకస్ అనే ఎర్ర నాచుని ఎక్కువగా ఇట్లే ఆరబెడతారు, మిద్దె మీద వరుగులు ఎండేసినట్లు. రంగు పాలిపోతుంది, ఎండకీ గాలికీ దాంట్లోని కొవ్వు ఆమ్లాలు కూడా ఆక్సిడైజ్ అయితాయి. చిక్కంతా ఇక్కడే, ఎందుకంటే కొరియాలో ఎలుక మెదడు కణాల మీద చేసిన ప్రయోగాల్లో గ్రాసిలేరియాప్సిస్ అనే ఇంకో ఎర్ర నాచులోంచి ఆల్కహాల్‌తో తీసిన సారం బాగా పనిచేసింది, అందులో అసలు పని చేసేది అరాకిడోనిక్ ఆమ్లం అన్నారు, అదేమో తొందరగా పాడయ్యే కొవ్వు.

ఫ్రీజ్ డ్రై అంటే గడ్డకట్టించి వాక్యూమ్‌లో నీళ్లు లాగేయడం. పెద్దగా వేడి తగలదు కాబట్టి రంగూ కొవ్వూ ఎక్కువ మిగుల్తాయి. రేటు మాత్రం మండిపోతుంది, మూత తీసిపెడితే తేమ పీల్చేసుకుంటుంది.

నన్నడిగితే సారం తీసేదానికి ఫ్రీజ్ డ్రైదే మేలు, పప్పులో వేసి ఉడికించేదానికి అంత ఖర్చు దండగ. ఎట్లైనా ఆ ఫలితాలు ల్యాబ్ గిన్నెలో పెంచిన కణాలవి, మన నరాలవి కాదు. ఐస్‌క్రీముల్లో వేసే క్యారజీనన్ అయితే ఈ లెక్కలోకే రాదు, అది మామూలుగా నాచుని క్షారంలో ఉడికించి తీసిన జిగురు. థైరాయిడ్ ఉన్నోళ్లు మాత్రం ఏ రకమైనా డాక్టర్ని అడక్కుండా ముట్టద్దండి, నాచులో అయోడిన్ ఎక్కువ ఉంటుంది.