రెక్టల్ క్యాన్సర్‌కు రేడియేషన్: ఐదు రోజులదా, ఐదున్నర వారాలదా?

రెక్టమ్‌లో, అంటే పెద్దపేగు చివరి భాగంలో, వచ్చిన గడ్డ పేగు గోడ దాటినా, లింఫు గ్రంథులకు పాకినా, రేడియేషన్ పెట్టేటట్టయితే ఆపరేషన్‌కు ముందే పెట్టాలి. 2004 నాటి జర్మన్ ట్రయల్‌లో ఆపరేషన్‌కు ముందు కీమోరేడియేషన్ (కీమో మందు, రేడియేషన్ కలిపి) తీసుకున్నవారిలో ఐదేళ్లలో అదే చోట తిరగబెట్టింది 6 శాతం మందికి, తర్వాత తీసుకున్నవారిలో 13 శాతం మందికి. ఆయుష్షులో మాత్రం తేడా కనబడలేదు. ఈ చికిత్స నుంచి ఏం ఆశించాలో, ఏం ఆశించకూడదో అక్కడే తెలుస్తుంది.

పొట్టి కోర్సులో రోజుకు 5 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) చొప్పున 5 సిట్టింగులు. పొడుగు కోర్సులో రోజుకు 1.8 గ్రే చొప్పున 25 నుంచి 28, రెండు పూటలా కెపసిటబిన్ అనే కీమో మాత్రలు కూడా. ఆస్పత్రి చుట్టూ తిరుగుడు తగ్గాలంటే పొట్టిదే మేలు. కానీ రాపిడో ట్రయల్‌లో పొట్టి కోర్సు, ఆపైన కీమో తీసుకున్నవారిలో గడ్డ పూర్తిగా కరిగినవారు రెట్టింపైనా, ఐదేళ్లకు కటిలో (రెక్టమ్ ఉండే చోట, దాని చుట్టూ) తిరగబెట్టినవారు 10 శాతం. పొడుగు కోర్సు వారిలో 6 శాతమే. అందుకే ఎమ్మారైలో గడ్డ మీసోరెక్టల్ పొరకు (రెక్టమ్ చుట్టూ ఉన్న కొవ్వును కప్పే పొర) 1 మిల్లీమీటరు లోపు చేరినట్టు కనబడితే మా మొగ్గు పొడుగు కోర్సుకే.

రేడియేషన్ యూనిట్ పనితనం మూత్రాశయం దగ్గర బయటపడుతుంది. అది నిండితే చిన్నపేగు పైకి జరిగి కిరణాల దారి తప్పించుకుంటుంది. ప్లానింగ్ సీటీ (కిరణాల దారి గీసుకోవడానికి మొదట తీసే స్కాన్) నాడు ఎంత నిండిందో రోజూ అంతే నిండాలి. మూత్రం పోసి వచ్చి, చెప్పిన కొలత నీళ్లు తాగి (మామూలుగా 300 నుంచి 500 మిల్లీలీటర్లు), చెప్పినంతసేపు ఆగాలి. రోజులు గడిచేకొద్దీ మంట పుట్టి పట్టుకోలేకపోతారు, ప్లాను గాడి తప్పేది అప్పుడే. మంచి యూనిట్‌లో కిరణాలు పెట్టే ముందు మెషీన్ మీదే కోన్ బీమ్ సీటీ అనే స్కాన్ తీస్తారు. మూత్రాశయం సగమే నిండినా, రెక్టమ్‌లో గ్యాస్ చేరి గడ్డ పక్కకు జరిగినా, దింపి మళ్లీ పంపిస్తారు. విసుక్కోకండి, అది మీ పేగు కోసమే.

విరేచనాలు, చర్మం మంట కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. అండాశయాలు ఆగిపోవడం, యోని ఇరుకవడం, అంగస్తంభన తగ్గడం, మలం ఆపుకోలేకపోవడం మిగిలిపోవచ్చు. పిల్లలు కావాలనుకునేవారికి వీర్యం, అండాలు దాచుకునే మాట మొదటి సిట్టింగుకు ముందే చెప్పాలి. చెప్పకుండా సంతకం పెట్టించుకోవడం అన్యాయం.

గడ్డ మరీ కిందికి లేక, ఆపరేషన్‌లో కోసే అంచులకు దూరంగా ఉంటే ఇంకో దారి ఉంది. 2023లో వచ్చిన ప్రాస్పెక్ట్ ట్రయల్‌లో అలాంటివారికి ముందు ఫాల్‌ఫాక్స్ అనే కీమో ఇచ్చి, గడ్డ 20 శాతమైనా తగ్గనివారికి, ఆ కీమో తట్టుకోలేక ఆపేసినవారికే రేడియేషన్ పెట్టారు. ఫలితం తీసిపోలేదు. తేదీ ఖాయం చేసుకునే ముందే ఈ సంగతి డాక్టరుగారిని అడగండి.