ఒక కాలు చాలా, రెండూ కావాలా?

"అన్నా, శనివారం క్యాచ్ ఇచ్చారు. ఆదివారం అచ్చం అలాంటిదే కాదన్నారు. ఎందుకు?" సీజన్ మొదలైతే చాలు, అమెరికాకు కొత్తగా వచ్చిన మన కుర్రాళ్లు అడిగేది ఇదే. శనివారం చూసింది కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్, ఆదివారం చూసింది ఎన్ఎఫ్ఎల్, అంటే అదే ఆట ప్రొఫెషనల్ లీగ్. గాల్లో బంతి పట్టినవాడి ఒక్క పాదం మైదానం గీత లోపల పడితే కాలేజీలో చాలు. ఎన్ఎఫ్ఎల్‌లో రెండూ పడాలి. మోకాలో మోచెయ్యో లోపల ముందుగా ఆనితే మాత్రం పాదాల లెక్క ఉండదు.

టెన్నిస్ చూసినవాళ్లు ఇంకోచోట తికమకపడతారు. ఇక్కడ తెల్ల గీత లోపలిది కాదు, మొత్తం బయటిదే. బంతి గాల్లో గీత దాటినా ఫర్వాలేదు, మనిషి ఎక్కడ ఆనాడన్నదే లెక్క. బౌండరీ తాడు దగ్గర ఫీల్డర్ కాళ్లు చూసి పెరిగినవాళ్లం కదా, మనకిది త్వరగానే ఎక్కుతుంది.

ఏది మేలంటే, నా ఓటు రెండు కాళ్లకే. అడ్డుకునే డిఫెండర్ వైపు నుంచి చూడండి. గీత పక్కన రిసీవర్ బయటికి వాలుతూ బంతి అందుకుని ఒక్క బొటనవేలు ఆనిస్తే చాలంటే, ఎంత బాగా కాపలా కాసినా డిఫెండర్ చేయగలిగేది తక్కువ. రెండూ ఆనాలంటే ఆ గీతే వాడికి తోడు నిలబడ్డట్టు. పైగా 2008కి ముందు ఎన్ఎఫ్ఎల్‌లో, తొయ్యకపోతే లోపలే దిగేవాడని రిఫరీకి అనిపిస్తే క్యాచ్ ఇచ్చేవారు. ఆ ఊహాగానం తీసేశారు. ఇప్పుడు రెండో కాలు పడేలోపు బయటికి నెట్టేస్తే అది డిఫెండర్ గెలుపే.

2009 ఫిబ్రవరిలో టాంపాలో జరిగిన ఎన్ఎఫ్ఎల్ ఫైనల్, సూపర్ బౌల్ చూడండి. ఇంకా 35 సెకన్లే ఉన్నాయి. ఎండ్ జోన్ (మైదానం చివర స్కోరు చేసే చోటు) మూలలో చుట్టూ ముగ్గురు డిఫెండర్లు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ఆటగాడు సాంటోనియో హోమ్స్ ఒళ్లంతా బయటికి సాగదీసి బంతి పట్టాడు, రెండు పాదాల వేళ్లూ లోపలే ఉంచాడు. స్టీలర్స్ 27-23తో గెలిచారు. ఒక కాలు చాలనే ఆటలో దీన్ని ఇంతగా చెప్పుకునేవాళ్లమా?

కాలేజీ పద్ధతిలో రీప్లేల గొడవ తక్కువ, ఒప్పుకుంటాను. రెండో పాదం వేళ్లు లోపల పడి, అదే అడుగులో మడమ గీత మీద దిగిందా లేదా అని నాలుగు కోణాల్లో చూపిస్తుంటే నాకూ విసుగే. వేళ్లు ఈడ్చుకుంటూ పోతే క్యాచ్, మడమ దిగి గీతను తాకితే కాదు.

క్లాక్ సంగతి ఒక ముక్కలో: బంతితో బయటికెళ్తే మళ్లీ స్నాప్ (బంతి అందించి ఆట మొదలుపెట్టడం) దాకా క్లాక్ ఆగి ఉండేది కాలేజీలో ఒక్కో హాఫ్ చివరి రెండు నిమిషాల్లోనే. ఎన్ఎఫ్ఎల్‌లో మొదటి హాఫ్‌లో రెండు, రెండో హాఫ్‌లో ఐదు. వెనకబడ్డ జట్టుకు ఐదే నయం.

కెనడా లీగ్‌లోనూ ఒక కాలే. 65 గజాల వెడల్పు మైదానం, అది వేరే ఆట.

ఎండ్ జోన్ ముందు చేజారిన బంతి దొర్లుకుంటూ ఎండ్ జోన్ పక్క గీత దాటిపోతే మాత్రం ఏది మేలని అడక్కండి. కాలేజీ అయినా ఎన్ఎఫ్ఎల్ అయినా బంతి ఎదుటి జట్టుకే, అదీ 20 గజాల గీత దగ్గర. రెండూ చెత్తే.