మాటలు ఆలస్యమైన పిల్లాణ్ణి మొదటిసారి తీసుకెళ్తున్నారా? విశాఖ ఎంవీపీ కాలనీ స్పీచ్ థెరపీ సెంటర్ గురించి

నాలుగు స్టార్లు. గాజువాక నుంచి రెండున్నరేళ్లవాడితో ఎన్ఏడీ జంక్షన్ దాటి ఎంవీపీ చేరేసరికే సగం ఓపిక అయిపోతుంది. అందుకే వాడు నిద్ర లేచి, తిని, హుషారుగా ఉండే టైమే అడగండి. అడిగితే ఇస్తారు.

రిసెప్షన్ నుంచి "పాత రిపోర్టులు తెండి" అని వాట్సాప్ వస్తుంది, అంతే. అది చాలదు. కాన్పు నాటి డిశ్చార్జ్ సమ్మరీ, టీకాల కార్డు కూడా పట్టుకెళ్లండి. పుట్టగానే ఏడ్చాడా, కామెర్లొచ్చాయా, ఫిట్స్ వచ్చాయా, అన్నీ అడుగుతారు. ఏయే మాటలంటాడో కాగితం మీద రాసుకోండి. మావాడివి బువ్వ, లాల, టాటా. నీళ్లకి "ఊ" అంటూ ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తాడు. కొత్తచోట పిల్లలు నోరు విప్పరు కాబట్టి ఇంట్లో ఆడుకునేటప్పటి వీడియోలు బాగా పనికొచ్చాయి.

పరీక్ష అంటే సూదులేం కాదు. సాయం ఎలా అడుగుతాడో చూడ్డానికి, మూత బిగించిన డబ్బాలో బిస్కెట్ వేసి వాడి చేతికిచ్చారు. మావాడు నా మొహం వైపైనా చూడకుండా నా వేళ్లు పట్టుకెళ్లి మూత మీద పెట్టాడు. థెరపిస్టు మేడమ్ వెంటనే ఏదో రాసుకున్నారు.

పగలంతా పిల్లాణ్ణి చూసుకునేవాళ్లని తప్పకుండా తీసుకెళ్లండి. మా అత్తగారు "మా పెద్దోడికీ ఆలీసంగానే వచ్చాయి, దీనికింత హడావుడి ఏటమ్మా" అన్నారు. మేడమ్ విసుక్కోలేదు. "అదీ రాసుకుంటానండీ, కానీ ముందు చెవులు సరిగ్గా వినిపిస్తున్నాయో లేదో తేలాలి" అని బెరా పరీక్షకి (శబ్దానికి చెవి నరం, మెదడు స్పందిస్తున్నాయో లేదో చూసే వినికిడి పరీక్ష) రాశారు. అది నిద్రలో చేస్తారు. ఆరోజు పెందలాడే లేపి, దారిలో కునుకు తియ్యనివ్వకుండా తీసుకెళ్లాలట. చెప్పినంత తేలికా!

కింద పోర్షన్‌లో ఒడియావాళ్ల పిల్లలతో ఆడతాడు, అందుకేనా అని అడిగాను. రెండు భాషలు విన్నంత మాత్రాన మాటలు ఆలస్యం కావు, ఆటలు మాన్పించొద్దన్నారు.

థెరపిస్టు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడకే ఉంది. ఏ సెంటర్‌కి వెళ్లినా ముందు అది చూడండి.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, లోపల ఫోన్లు, టీవీ తగ్గించమని చెప్తారు, బయట వెయిటింగ్ హాల్లో టీవీలో రైమ్స్ హోరెత్తిపోతుంటాయి. కట్టెయ్యమంటే కట్టేశారు లెండి, మేం లోపలికెళ్లేదాకా.