వెబినారా, పెద్ద కోర్సా, కేసుల నోటుబుక్కా: వెటర్నరీ నర్సుకు ఏది మేలు?

షిఫ్టు ముగిశాక వెటర్నరీ నర్సుకు మిగిలేది కాస్త ఓపిక, గంటో రెండు గంటలో సమయం. దాన్ని దేనికి వాడుకోవాలి? ఆన్‌లైన్ వెబినార్లు వినాలా, ఏళ్లు పట్టే స్పెషలైజేషన్‌లో చేరాలా, లేక చేసిన కేసులనే రాసుకుంటూ సీనియర్ పక్కన నిలబడి నేర్చుకోవాలా? మూడూ మంచివే అని తేల్చేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. నా దృష్టిలో వీటికి ఒక వరస ఉంది.

ముందు వెబినార్ల సంగతి. బ్రిటన్‌లో రిజిస్టరైన వెటర్నరీ నర్సు ఏడాదికి 15 గంటల వృత్తి శిక్షణ పూర్తి చేయాలి. ఇలాంటి లెక్క ఉన్నచోట గంటలు నింపడానికి వెబినార్ అంత సులువైనది మరొకటి లేదు. చిక్కు కూడా అక్కడే ఉంది. ఏడాది చివర్లో కూర్చుని వరసగా నాలుగు వినేస్తే, వారం తిరిగేసరికి ఏం గుర్తుంటుంది? అక్కడ పశువైద్య వృత్తిని పర్యవేక్షించే రాయల్ కాలేజీ గంటలతో సరిపెట్టకుండా, నేర్చుకున్నదాని గురించి ఆలోచించి రాయమని కూడా అడుగుతుంది. ఆ నియమం నాకు చాలా నచ్చుతుంది.

ఏం మారిందో తెలుసుకోవడానికి మాత్రం వెబినారే మేలు. గుండె ఆగిన కుక్కలకు, పిల్లులకు ఛాతీ నొక్కి చేసే సీపీఆర్ మీద రికవర్ మార్గదర్శకాలు 2012లో వచ్చాయి, 2024లో సవరించారు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీని నొక్కాలి, పక్కకు పడుకోబెట్టినప్పుడు ఛాతీ వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా దిగాలి, రెండు నిమిషాలకోసారి నొక్కే మనిషి మారాలి. ఈ అంకెలు వినడానికి ఐదు నిమిషాలు చాలు. కానీ చేతులు నొప్పి పుడుతున్నా వేగం తగ్గకుండా రెండు నిమిషాలు నొక్కడం వింటే వచ్చే పని కాదు. దానికి బొమ్మ మీద సాధన చేయాల్సిందే, అదీ మళ్లీ మళ్లీ.

ఇక పెద్ద కోర్సు. అమెరికాలో వెటర్నరీ టెక్నీషియన్ స్పెషలిస్ట్ అనే హోదా ఉంది. అనస్థీషియా, ఎమర్జెన్సీ, దంతవైద్యం లాంటి రంగాల్లో ఏళ్ల అనుభవం, కేసు లాగ్‌లు (తాము చేసిన కేసుల రికార్డులు), సిఫారసు లేఖలు చూపించి పరీక్ష రాయాలి. బ్రిటన్‌లో ఉన్నత సర్టిఫికెట్ కోర్సులు ఉన్నాయి. ఈ దారిలో నిజంగా వెళ్లినవాళ్లలో వచ్చే మార్పు నేను చూశాను. మత్తులో ఉన్న జంతువు వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ను చూపించే కాప్నోగ్రాఫ్‌లో గీత వంకర తిరిగితే డాక్టర్‌ను పిలవడంతో ఆగిపోరు. ఊపిరి ట్యూబ్ మడత పడిందా, శ్వాసనాళం బిగుసుకుందా అని వెతుకుతూ, ఏం చూశారో స్పష్టంగా చెప్తారు. అలా చెప్పగలిగిన నర్సు మాటను డాక్టర్లు ఆగి వింటారు.

అయితే ఈ కోర్సు మన ఒక్కరి పట్టుదలతో అయ్యేది కాదు. మీరు పనిచేసే చోట మత్తు కేసుల మానిటరింగ్ మీ చేతికి ఇవ్వకపోతే లాగ్ ఎలా నిండుతుంది? జంతువును పట్టుకోవడం, బోన్లు కడగడం, ఫోన్ ఎత్తడంతోనే రోజు గడిచిపోయే నర్సులు ఎందరో ఉన్నారు. ఆ పనులు చిన్నవని నేను అనను. కానీ వాటితో కేసు లాగ్ నిండదు. ఫీజు కట్టేశాక ఈ విషయం తెలిస్తే వచ్చే టెన్షన్, బాధ చాలా పెద్దవి.

అందుకే నా ఓటు ముందుగా మూడోదానికి, కేసుల నోటుబుక్‌కి. నొప్పి అంచనానే తీసుకోండి. పిల్లి ముఖం చూసి నొప్పి కొలిచే ఫీలైన్ గ్రిమేస్ స్కేల్‌లో ఐదు గుర్తులు ఉంటాయి: చెవులు, కళ్లు, మూతి, మీసాలు, తల నిలిపే తీరు. ఒక్కోదానికి 0 నుంచి 2. పదికి 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే నొప్పి మందు గురించి ఆలోచించాలి. మీరు, మీ సీనియర్ ఒకే పిల్లిని చూసి విడివిడిగా అంకె వేసి, తర్వాత పోల్చుకోండి. మీ మొత్తం 2 వచ్చినచోట ఆమెకు 5 వచ్చిందంటే ఏ గుర్తు మీ కంటికి ఆనలేదో అక్కడికక్కడే తెలుస్తుంది. నెల రోజులు అలా రాసుకుంటే కన్ను మారుతుంది. ఇందుకు పైసా ఖర్చు లేదు.

దీనికీ ఒక లోపం ఉంది, దాన్ని దాచకూడదు. సీనియర్ అలవాట్లు మంచీ చెడూ రెండూ మనకు అంటుకుంటాయి. నేను మొదట పనిచేసిన చోట ఆపరేషన్ అయ్యాకే జంతువుకు వెచ్చదనం ఇచ్చేవాళ్లం. నేనూ అదే సరైనదనుకున్నాను. మత్తు ఇచ్చిన తొలి గంటలోనే ఒంట్లోని వేడి చర్మం వైపు పాకి, శరీరం త్వరగా చల్లబడుతుందని చాలా రోజులకు ఒక ఉపన్యాసంలో విన్నాను. అప్పటిదాకా నా చేతుల్లో ఎన్ని చిన్న ప్రాణాలు అనవసరంగా వణికాయో అని ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. నోటుబుక్‌కు తోడుగా వెబినార్ కావాలనేది ఇందుకే.

కొత్తగా చేరినవాళ్లు తొలి రెండేళ్లు నోటుబుక్‌నే నమ్ముకోండి, నెలకో వెబినార్ చాలు. కొన్నేళ్ల విరామం తర్వాత తిరిగొచ్చేవాళ్లకు వరస తిరగబడుతుంది: ముందు మారినవి వినాలి, వెంటనే చేతులతో సాధన చేయాలి. మూడు నాలుగేళ్లు దాటినవాళ్లు తమ నోటుబుక్ తిరగేయాలి. ఏ రకం కేసు దగ్గర మీరు ఎవరూ అడగకుండానే రెండు పేజీలు రాశారో చూడండి. పెద్ద కోర్సు చేస్తే ఆ రంగంలోనే చేయండి.

దరఖాస్తు పెట్టే ముందు మేనేజర్‌ను రెండు ప్రశ్నలు అడగండి. నెలకు అలాంటి కేసులు ఎన్ని వస్తాయి, వాటిలో నన్ను ఎన్నింటికి పెడతారు? కోర్సు అయ్యాక నా పనిలో, జీతంలో ఏం మారుతుంది? జవాబు కాగితం మీద వచ్చేదాకా ఫీజు కట్టకండి.